పాప మెడ కుడివైపే వాలిపోతోంది, లాగి సరిచేయించాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. మా ఆయన విశాఖలో పనిచేస్తారు, నేను పురిటికి కన్నవారింటికి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్నాను. పాపకి రెండున్నర నెలలు. తొలి కాన్పు, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని శ్రీకాకుళంలో ఆపరేషన్ చేసి తీశారు. నెల నిండాక గమనిస్తే తల ఎప్పుడూ కుడి భుజం మీదికి వాల్చేసి, మొహం మాత్రం ఎడమకి తిప్పి పడుకుంటోంది. మెడకి కుడిపక్క చింతపిక్కంత గట్టిగా చేతికి తగులుతోంది. తల వెనక ఎడమపక్క చదునైపోయింది. పర్లాకిమిడిలో పిల్లల డాక్టరు చూసి ఫిజియోథెరపీ చేయించమన్నారు. రెండుసార్లు వెళ్ళాం. పాప గుక్కపట్టి ఏడ్చేసరికి భయమేసి మానేశాను. ఆ ఫిజియో ఆయన గబగబా చెప్పిన మాటలు పాప ఏడుపులో సగం వినపడలేదు, ఎటు తిప్పాలో కుడి ఎడమలు కలిసిపోతున్నాయి. పాపకి నీళ్ళు పోసే మామ్మ ‘నూనె రాసి నాలుగు రోజులు లాగితే అదే వస్తుంది’ అంటోంది. పక్కింటివాళ్ళు వాతలు పెట్టించమంటున్నారు. మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా ‘ఆడపిల్ల, మెడ అలాగే ఉండిపోతే ఎలా’ అని ఒకటే గోల. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: లాగించొద్దమ్మా. వాతలు అసలే వద్దు. మానేసిన ఫిజియోథెరపీని ఈ వారంలోనే మళ్ళీ మొదలుపెట్టండి. మిగతాదంతా నెమ్మదిగా చదువుకోవచ్చు, ఈ మూడు మాత్రం ముందు మీ అమ్మగారికి కూడా చదివి వినిపించండి.

ఇప్పుడు అద్దం ముందు నిలబడి మీ మొహాన్ని ఎడమకి తిప్పండి. మెడకి కుడిపక్క, చెవి వెనక నుంచి కిందికి కాలర్ ఎముక దాకా ఒక కండ తాడులా పైకి తేలుతుంది. వేళ్ళతో పట్టుకుంటే దొరుకుతుంది కూడా. కుడిపక్క ఉన్న ఆ కండ బిగిస్తే తల కుడి భుజం వైపు వంగుతుంది, మొహం ఎడమకి తిరుగుతుంది. మీ పాపకి ఆ కుడి కండే పొట్టిగా, బిగుసుకుని ఉంది. మొహం ఎడమకి తిరిగి ఉంది కదా అని చాలామంది ఎడమపక్క తోముతూ కూర్చుంటారు. మీ పాప విషయంలో పని అంతా కుడిపక్క కండతోనే.

కడుపులో ఎదురుకాళ్ళతో ఇరుగ్గా ఉన్న పిల్లల్లో, తొలి చూలు పిల్లల్లో, కష్టమైన కాన్పుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మీరు పడుకున్న తీరు వల్లో, ఎవరో సరిగ్గా ఎత్తుకోకపోవడం వల్లో వచ్చింది కాదు. గ్రహణం మాట ఎవరైనా ఎత్తితే వినకండి. చేతికి తగిలే ఆ గట్టిది కండలోనే నారలా గట్టిపడిన భాగం. పుట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో బయటపడి, కొన్ని నెలల్లో దానంతటదే కరిగిపోవడం మామూలు. క్యాన్సర్ కాదు. డాక్టరు ఇంకా మెడ స్కానింగ్ రాయకపోతే ఒకసారి అడగండి, మీకూ నిశ్చింతగా ఉంటుంది. ఈలోగా దాన్ని నలపడం, కాపడం పెట్టడం, పసరు కట్టడం లాంటివేవీ చెయ్యకండి.

ఇక నాలుగు రోజుల్లో వస్తుందన్న మామ్మ మాట. పిల్లల ఫిజియోథెరపిస్టులు అమెరికాలో 2018లో రాసుకున్న మార్గదర్శకాల ప్రకారం, నెల లోపు మొదలుపెడితే దాదాపు అందరికీ నెలన్నరలో మెడ బాగా తిరుగుతుంది. నెల దాటాక మొదలుపెడితే ఆరు నెలల దాకా పడుతుంది. ఆరు నెలలు దాటేదాకా ఊరుకుంటే తొమ్మిది, పది నెలలు కూడా పట్టొచ్చు. మీరు మధ్యలో ఉన్నారు. పండగలూ పెళ్ళిళ్ళూ అయ్యాక చూద్దామనుకునేంత వ్యవధి మాత్రం లేదు.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా తోచింది ఇది: మీరు ఫిజియోథెరపీ అంటే ఆసుపత్రిలో ఆయన చేసే పది పదిహేను నిమిషాల పని అనుకుంటున్నారు. అది కాదు. మిగతా రోజంతా పాప ఎటు చూస్తోంది, ఎటు పడుకుంటోంది, ఎలా ఎత్తుకుంటున్నారు అన్నదే అసలు వైద్యం. ఆసుపత్రిలో కండని సాగదీసి, ఇంటికొచ్చి రోజంతా ఎడమకే చూడనిస్తే లాభం లేదు. పాప తనంతట తను కుడికి తిరిగేలా ఇల్లు మార్చాలి.

ముందు మంచం చూడండి. మన ఇళ్ళల్లో గోడకి ఆనించిన మంచం మీద గోడవైపు బిడ్డ, ఇవతల తల్లి పడుకుంటారు. మీ పాపకి గోడ కుడిపక్కా, మీరు ఎడమపక్కా ఉండి ఉంటారని నా అనుమానం. రెండున్నర నెలల పిల్ల గోడని ఎందుకు చూస్తుంది? అమ్మనీ, తలుపు దగ్గరి వెలుతురునీ చూస్తుంది. తల పెట్టే వైపు కాళ్ళు, కాళ్ళ వైపు తల వచ్చేలా తిప్పి పడుకోబెడితే గోడ ఎడమకి పోయి మీరు కుడికి వస్తారు. అలా తిప్పితే తల ఉత్తరానికి వస్తుందని మీ అమ్మగారు ఒప్పుకోరేమో. అప్పుడు మంచాన్నే గోడ నుంచి జరిపి మీరు అవతలి పక్కకి మారండి, గొడవ ఉండదు. గిలక్కాయ ఆడించినా, మాట్లాడినా, మీ ఆయన వీడియో కాల్ చేసినా, అన్నీ పాపకి కుడిపక్క నుంచే.

కుడి ఎడమలు కలిసిపోతున్నాయన్నారు. అది మీ ఒక్కరి ఇబ్బందే కాదు, ఎదురుగా కూర్చుంటే బిడ్డ కుడి మన ఎడమకి వస్తుంది కాబట్టి ఆసుపత్రి సిబ్బంది కూడా తడబడతారు. దీనికో ఉపాయం చెప్తాను. రోజూ నీళ్ళు పోశాక దిష్టి చుక్క పెడతారుగా, అది పాప కుడి బుగ్గ మీదే పెట్టండి. (కళ్ళకి మాత్రం కాటుక వద్దు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది.) ఇక లెక్క తేలిక. తల తిప్పినప్పుడు చుక్క ఉన్న బుగ్గ పరుపుకి ఆనాలి. తల వంచినప్పుడు చుక్క లేని పక్క చెవి ఆ పక్క భుజానికి దగ్గరవ్వాలి. మీ అమ్మగారైనా, మీ చెల్లెలైనా, ఎవరు చేసినా తప్పు పోదు.

ఆ రెండు కదలికలే మీ ఫిజియో చేసినవి కూడా. మొదటిదానికి పాపని వెల్లకిలా పడుకోబెట్టి ఒకరు రెండు భుజాలూ పైకి లేవకుండా మెత్తగా పట్టుకుంటే, ఇంకొకరు గడ్డం, బుగ్గ కింద అరచెయ్యి వేసి మొహాన్ని మెల్లగా చుక్క వైపు తిప్పాలి. రెండోదానికి కుడి భుజాన్ని కిందికి ఆపి, తల వెనక చెయ్యి వేసి, మొహం పైకే చూస్తుండగా తలని ఎడమ భుజం వైపు వంచాలి. కండ ఇక సాగనని చెప్పే చోట ఆగి, కాసేపు అలాగే ఉంచి వదలాలి. ఎంతసేపు, రోజుకి ఎన్నిసార్లు అన్నది మీ ఫిజియో చెప్పిన లెక్కే పాటించండి. ఆయన మీ చేత చేయించి, సరే అన్నాకే ఇంట్లో చెయ్యండి. అనుమతి అడిగి ఫోన్లో వీడియో తీసుకుంటే ఏడుపులో వినపడని మాటలన్నీ ఇంటికొచ్చి వినొచ్చు.

ఏడుపు సంగతి. తల పట్టుకుని తిప్పితే ఏ పసిబిడ్డకైనా చిరాకే, కాస్త గునుస్తుంది, ఏడుస్తుంది. ఆ ఏడుపు వదలగానే ఆగిపోతే కంగారు పడనక్కర్లేదు. గుక్కపట్టినా, మొహం రంగు మారినా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నట్టున్నా వెంటనే వదిలేసి ఎత్తుకోవాలి. పాప తలతో ఎదురు తోస్తుంటే మీరూ బలం పెట్టకూడదు, వదిలి, సముదాయించి, తర్వాత మళ్ళీ. ఆకలిగా ఉన్నప్పుడు చేస్తే రాగం తీస్తుంది, పాలు తాగిన వెంటనే చేస్తే కక్కేస్తుంది. తాగిన అరగంట, గంట తర్వాత, నిద్ర మత్తు లేనప్పుడు బాగుంటుంది. ఆసుపత్రిలో గుక్కపట్టడానికి ప్రయాణం బడలిక, కొత్త చేతులు, ఆకలి కూడా కారణం అయి ఉండొచ్చు. ఆయన గట్టిగా లాగుతున్నట్టు అనిపిస్తే మాత్రం మొహమాట పడకుండా నెమ్మదిగా చెయ్యమనండి. మెత్తటి చేతితో, రోజుకి చాలాసార్లు: ఈ వైద్యంలో అదే పద్ధతి.

నీళ్ళు పోసే మామ్మని మానిపించాల్సిన అవసరం లేదు. ఆవిడ చేతి వాటం పాపకి అలవాటు, నలుగు పెట్టి నీళ్ళు పోశాక కండలు వెచ్చగా వదులుగా ఉంటాయి కాబట్టి మన కదలికలకి అదే మంచి సమయం. ఒప్పందం మాత్రం గట్టిగా చేసుకోండి: మెడ జోలికి రాకూడదు. తల పట్టుకుని ఎత్తడం, చేతులు పట్టుకుని ఊపడం, కాళ్ళు పట్టుకుని తలకిందులు చెయ్యడం కూడదు. తల గుండ్రంగా రావాలని నొక్కడం కూడా వద్దు. చదును తగ్గేది నొక్కడం వల్ల కాదు, ఆ పక్క మీద బరువు పడకపోవడం వల్ల. పాప కుడికి తిరగడం మొదలుపెడితే ఎడమ వెనక భాగానికి ఊపిరాడుతుంది, ఎదిగే పుర్రె కాబట్టి చాలావరకు సర్దుకుంటుంది. ఆవాల దిండు, మధ్యలో గుంట ఉన్న బజారు దిండు రెండూ వద్దు. నిద్రలో ఈ వయసు పిల్లకి ఏ దిండైనా ఊపిరికి ప్రమాదమే. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోవాలి. చదునవుతోందని బోర్లా నిద్రపుచ్చకండి.

వాతల గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. నవరంగపూర్, కొరాపుట్ వైపు ఇనుము కాల్చి వాతలు పెట్టిన పసికందులు ఆసుపత్రి పాలయ్యారని పేపర్లో చాలాసార్లు చదివాం. బిగిసిన కండకి కాలిన చర్మం ఏ రకంగానూ మందు కాదు. పుండు చీము పట్టి బిడ్డ ప్రాణానికే ముప్పు వస్తుంది. పక్కింటివాళ్ళకి ‘డాక్టరు వద్దన్నారు’ అని నా పేరు చెప్పినా సరే.

మెలకువగా ఉన్నప్పుడు మాత్రం బోర్లా పడుకోబెట్టడం తప్పనిసరి, మీరు పక్కనే ఉండి. ఇంకా పాకని పిల్లలు మెలకువలో రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఒకేసారి కాదు, రెండు మూడు నిమిషాల చొప్పున. నేల మీద ఏడిస్తే మీరు వెనక్కి వాలి కూర్చుని మీ గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకోండి. మీ మొహం చూడ్డానికి తల ఎత్తుతుంది, అప్పుడు కాస్త ఆమె కుడిపక్కకి జరిగి పిలవండి. మెడ నిలబడడానికి కావలసిన బలం ఇక్కడే వస్తుంది.

ఎత్తుకోవడంలో ఒక పద్ధతి మీ ఫిజియోని అడిగి నేర్చుకోండి. పాప వీపు మీ ఛాతీకి ఆని, మొహం బయటికి ఉండేలా ఎత్తుకుని, ఆమెని కుడిపక్కకి ఒరిగించాలి. తల మీ కుడిచేతి వైపు వస్తుంది. మీ కుడి ముంజేయి ఆమె కుడి చెవికీ కుడి భుజానికీ మధ్య ఉండి తలని కొంచెం పైకి ఆపుతుంది. ఎడమ చెయ్యి కాళ్ళ మధ్య నుంచి పొట్టని పట్టుకుంటుంది. ఇలా పట్టుకుని పెరట్లో కోళ్ళని చూపిస్తూ తిరిగితే కుడి కండ సాగుతూనే ఉంటుంది, పాపకి వైద్యం అని తెలియదు కూడా. చీర ఉయ్యాలలో గంటలకొద్దీ వదిలెయ్యకండి, అందులో తల తిప్పుకునే చోటు ఉండదు.

పాలు ఒక రొమ్ముకి బాగా తాగి రెండోదానికి పేచీ పెడుతోందేమో చూడండి, మెడ తిరగని పిల్లల్లో ఇది మామూలు. మొదటి పక్క ఏ వాటంలో తాగుతోందో అదే వాటంలో ఒళ్ళంతా పక్కకి జరిపి, కాళ్ళు మీ చంక కిందకి పోయేలా పట్టుకుంటే రెండో పక్క కూడా తాగుతుంది. పాలు తగ్గిపోయాయని డబ్బాపాలకి వెళ్ళిపోకండి.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి, నా దృష్టిలో మెడ కంటే ముందు చూడాల్సింది. తొలి కాన్పు, ఆడపిల్ల, ఎదురుకాళ్ళు: ఈ మూడూ ఉన్న బిడ్డకి తుంటి కీలు సరిగ్గా కుదురుకోకపోయే అవకాశం మామూలు కంటే ఎక్కువ. మెడ ఇలా ఉన్న పిల్లల్లోనూ అది కాస్త ఎక్కువే. బయటికి ఏమీ కనపడదు, నొప్పి ఉండదు, నడక వచ్చాక కుంటుతుంటే అప్పుడు తెలుస్తుంది. ఇప్పుడైతే తుంటికి అల్ట్రాసౌండ్ తీసి తేల్చొచ్చు, తేడా ఉన్నా బెల్టుతో సరిచెయ్యొచ్చు. ‘పాప ఎదురుకాళ్ళతో పుట్టింది, తుంటి చూశారా’ అని డాక్టరుని సూటిగా అడగండి. ఈలోగా కాళ్ళు రెండూ కట్టెల్లా చాపి బట్టలో బిగించి చుట్టే అలవాటు ఉంటే ఆపండి. చేతులు చుట్టినా, కాళ్ళు కప్పలా మడుచుకునేంత వదులు ఉండాలి.

మెడ వాలిన పిల్లలందరికీ కండే కారణం కాదు. మెడ ఎముకల్లో తేడా వల్ల, కంటి చూపులో తేడా వల్ల, పాలు పైకి తన్నడం వల్ల కూడా తల వాల్చే పిల్లలుంటారు. మీ పాపకి గట్టి కండ, గడ్డ చేతికి తగులుతున్నాయి కాబట్టి కండ కారణమనే మీ డాక్టరు అనుకుని ఉంటారు, నాకూ అలాగే తోస్తోంది. అయినా జ్వరం, ఆగని వాంతులు, ఒక చెయ్యి కదపకపోవడం, కనుగుడ్లు అటూ ఇటూ ఊగిపోవడం, వాలే వైపు రోజుకోలా మారిపోవడం, ఉన్నట్టుండి మెడ కదపనీయకుండా ఏడవడం, ఇలాంటిది ఏది కనిపించినా వ్యాయామం ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మీ అత్తగారికి మీరే ఫోన్ చేసి చెప్పండి: వేళకి మొదలుపెట్టి వదలకుండా చేస్తే ఎక్కువమంది పిల్లలకి ఆపరేషన్ అవసరం రాదు. నెలల తరబడి చేసినా కండ వదలని కొద్దిమందికే, అదీ సాధారణంగా ఏడాది దాటాక, దాని గురించి ఆలోచిస్తారు. ‘ఆడపిల్ల’ అన్న బెంగకి నా దగ్గర మందు లేదు గానీ, మగపిల్లాడికైనా చేసే వైద్యం ఇదే. మీ ఆయన్ని ప్రతి నెలా ఒకే తేదీన పాప మొహానికి ఎదురుగా ఒక ఫొటో తీయించి దాచమనండి. రోజూ చూసే కళ్ళకి తెలియని మార్పు ఫొటోల్లో తెలుస్తుంది, అత్తగారికి పంపడానికీ పనికొస్తుంది.

పర్లాకిమిడికి ప్రతి వారం వెళ్ళడం కష్టమైతే ఆ మాటే ఫిజియోతో చెప్పండి. ఇంట్లో మీరు రోజూ చేస్తానంటే పది పదిహేను రోజులకోసారి చూపించమని ఆయన ఒప్పుకోవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో పిల్లల కోసం పెట్టిన కేంద్రాల్లో ఫిజియోథెరపీ ఉచితం. తుంటి సమస్య కూడా ఆ పథకం జాబితాలో ఉంది. మూడో నెల నిండగానే ఆశా దీదీ ఇంటికి వస్తుంది, ఆమెని అడిగితే దారి చూపిస్తుంది. స్కానింగుకి బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్తారా, కాన్పు జరిగిన శ్రీకాకుళమే వెళ్తారా అన్నది మీకు ఏ బండి వీలైతే అది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన సరిహద్దు మన చుట్టరికాలనే ఆపలేదు, చీటీ పట్టుకుని వెళ్ళడానికి అడ్డేముంది. కాన్పు కాగితాలు మాత్రం వెంట ఉంచుకోండి, ఎదురుకాళ్ళు అన్న మాట అందులో రాసి ఉంటుంది.

బోర్లా పడితే బొబ్బట్లు చేస్తారుగా. అవి చేసే రోజున పాప ఏ పక్క నుంచి దొర్లిందో కూడా గమనించండి. మెడ బిగిసిన పిల్లలు తరచుగా ఒక్క పక్క నుంచే బోర్లా పడతారు. రెండు పక్కలా దొర్లడం, పాకేటప్పుడు రెండు చేతుల మీదా సమంగా బరువు వెయ్యడం వచ్చేదాకా ఫిజియో దగ్గర చూపిస్తూనే ఉండాలి. మెడ నిటారుగా కనపడగానే ఆపేస్తే కొందరికి పళ్ళొచ్చేటప్పుడో, నడక నేర్చేటప్పుడో మళ్ళీ కొంచెం వాలుతుంది, అప్పుడు హడలిపోకుండా పాత వ్యాయామాలే మళ్ళీ మొదలుపెట్టడమే.

ఈసారి వెళ్ళేటప్పుడు మీ అమ్మగారిని తీసుకెళ్ళండి. వీలైతే ఆ మామ్మని కూడా. వాళ్ళ చేత కూడా ఒకసారి చేయించి చూడమని ఫిజియోని అడగండి, ఎందుకంటే మీరు స్నానానికి వెళ్ళినప్పుడూ, కునుకు తీసినప్పుడూ పాప ఉండేది వాళ్ళ చేతుల్లోనే.